ఎవరూ పెట్టని కొబ్బరి చిప్ప

జ్ఞాపకాన్ని సాక్ష్యంతో సహా సమర్పించడం పద్ధతి గనుక, నిన్న మలేసియాలోని మా బంటింగ్ ఊరి కాఫీ దుకాణంలో నాకు కొబ్బరి చిప్పలో కాఫీ ఇచ్చారని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.

మిత్రులారా, మా పెరటి గుమ్మం పక్కన మేకుకు వేలాడిన చిప్ప గుర్తుందా? దొరల కాలంలో రబ్బరు తోటలో కూలి చేసిన మా మామ్మకు గుమాస్తా ఇంట్లో చిప్పలోనే నీళ్లు పోసేవారట. మరుగుదొడ్లు కడిగే మునియమ్మకు మామ్మ కూడా అలాగే పోసేదట.

"ఈ చిప్ప దొర ఎట్టినాడా, మామ్మా?" అని చిన్నప్పుడు అడిగాను.

"దొరకేటి తెలుసురా? ఎవులూ ఎట్టలేదు. అందరం పోసినాం."

"అయితే తీసెయ్."

"నానెట్టలేదు కదా, నానెందుకు తీత్తాను?"

మర్నాడు నాతో ఆడుకోవడానికి వచ్చిన మునియమ్మ మనవరాలికి అందులోనే నీళ్లిచ్చింది.

కావున, ఆ చిప్పను పెట్టినదెవరో తేలేవరకు మా ఇంట అందరూ, నాతో సహా, చిప్పలోనే తాగవలెను. ఇదే తుది ఉత్తర్వు.