తెనాలి సభలో రిబ్కా కీర్తన

రేపల్లె టైలరు ఆశీర్వాదానికి కోపం రాదని ఊరంతా మెచ్చుకుంటుంది గాని, నిజానికి ఆయనకు ఎవరినీ కాదనడం చేతకాదు. తండ్రి పెట్టిన చర్చి పురుషుల గాన సంఘాన్ని ఇన్నేళ్ళూ ఆ మెతకతనంతోనే నెట్టుకొచ్చాడు. సంఘంలో సగం మంది బడిపంతుళ్ళు, గుమస్తాలు. పుస్తకం చేతపట్టి నిలబడి, దొరలు నేర్పిన ఇంగ్లీషు పాటని నాలుగు గొంతుల్లో పాడితేనే పాట అంటారు వాళ్ళు. మిగతా సగం చెరుకుపల్లి వైపు పొలాల్లో పనిచేసేవాళ్ళు. చాప మీద కూర్చుని తాళం వేస్తూ తెలుగు కీర్తన పాడితేనే దేవుడికి వినబడుతుందంటారు వీళ్ళు. దేవుడికి రెండు భాషలూ వచ్చని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. ఆశీర్వాదం ఎక్కడికెళ్ళినా రెండూ పాడించి, పాము చావకుండా కర్ర విరగకుండా గడుపుకొచ్చేవాడు.

తెనాలిలో జరిగిన క్రైస్తవ గాన సభలో ఆ ఉపాయం చెల్లలేదు. బాపట్ల నుంచి వచ్చినవాళ్ళు అనుకున్నదానికంటే ఎక్కువసేపు పాడేశారు. నిర్వాహకుడు తెర వెనక్కి వచ్చాడు.

"ఏమనుకోకండి ఆశీర్వాదంగారూ, టైం లేదండి. మీరు ఒక్క పాటే పాడండి."

అంతే, సంఘం రెండుగా విడిపోయింది. ఇంగ్లీషు పాటల వాళ్ళకి పెద్ద ఫ్రాన్సిస్. రిటైరైన మాస్టారు, ఆశీర్వాదం చెల్లెలు రిబ్కా భర్త. ఆమె పోయి మూడేళ్ళయింది. ఫ్రాన్సిస్‌కున్నంత లోతైన గొంతు ఆ చుట్టుపక్కల ఇంకొకరికి లేదు.

"బావా, ఇంతమంది పెద్దల ముందు కూలి పాటలు పాడి నవ్వులపాలు కాలేం. కీర్తన ఎత్తుకున్నావంటే మేం నోరు విప్పం" అన్నాడు.

"కూలి పాటలంట, విన్నావా అన్నా?" కీర్తనలకు తాళం వేసే లాజరు తాళాలు సంచిలో పడేశాడు. "ఇంగ్లీషు పాట మొదలెడితే మేం దిగిపోతాం. ఇక సంఘంలోకి కూడా రాం."

ఇద్దరూ అన్నంత పనీ చేసే రకమే. తండ్రి పెట్టిన సంఘం తన చేతుల్లో ముక్కలవుతుందన్న భయం తప్ప ఆశీర్వాదానికి ఇంకేమీ తోచలేదు. పిలుపు వచ్చింది. ఎడమొహం పెడమొహంగానే అందరూ వేదిక ఎక్కారు. ఆశీర్వాదం హార్మోనియం ముందు కూర్చున్నాడు. ఏం చెయ్యాలో అప్పుడు తట్టింది.

వాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. పోయినవాళ్ళు ఇష్టపడ్డ కీర్తన ఎవరైనా ఎత్తుకుంటే ముందు ఆ ఇంటివాడు, భర్తో కొడుకో, అందుకోవాలి. ఆ తర్వాతే మిగతావాళ్ళు గొంతు కలుపుతారు. అందుకోకపోతే ఆ మనిషిని మరిచిపోయినట్టే. రేవు దాటించమని ప్రభువును వేడుకునే కీర్తన రిబ్కాది. ఏటా ఆమె జ్ఞాపకార్థ కూడికలో ఫ్రాన్సిస్ దాన్ని అందుకుంటాడు, ఏటా ఏడుస్తాడు.

ఆశీర్వాదం ఆ పల్లవి ఎత్తుకున్నాడు. ఫ్రాన్సిస్ వైపు చూడలేదు. లాజరు సంచిలోంచి తాళాలు తీశాడు గాని వెయ్యలేదు. పల్లవి అయిపోయింది, ఎవరూ అందుకోలేదు. ఆశీర్వాదం మళ్ళీ పాడాడు. జనంలో ఎవరో దగ్గారు, ముందు వరసలో పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెమట కళ్ళల్లోకి కారుతుంటే మూడోసారి ఎత్తుకున్నాడు.

అప్పుడు లేచింది ఫ్రాన్సిస్ గొంతు. సగం పాట, సగం ఏడుపు. లాజరు తాళం కలిపాడు. తమ పెద్దను ఒంటరిగా వదల్లేక పంతుళ్ళూ అందుకున్నారు. ఆ సంఘం అంత బాగా ఎన్నడూ పాడలేదు. సభ మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

తెర వెనక ఆశీర్వాదం పొంగిపోతూ ఫ్రాన్సిస్ దగ్గరికి వెళ్ళాడు.

"చూశావా, అందరం కలిసే పాడాం."

ఫ్రాన్సిస్ కళ్ళజోడు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"పాడాం బావా. వేరే ఏ కీర్తన ఎత్తుకున్నా నోరు మూసుకుని నిలబడేవాణ్ణి. ఓ నెల అలిగి మళ్ళీ నీ దగ్గరికే వచ్చేవాణ్ణి. నువ్వు నీ చెల్లెల్ని తీసుకొచ్చి నాకు అడ్డం నిలబెట్టావు." గొంతు పెంచలేదు. "ఈ ఏడు కూడికకి రావద్దు. వస్తే నువ్వు ఎత్తుకుంటావు. నేనింక అందుకోలేను."

ఆశీర్వాదానికి చెల్లెలి పేరే నోటిదాకా వచ్చింది. ఆ పేరు అనడానికి ఆయనకు భయం వేసింది.