గులాబీ రంగు దోమలు

దోమల పరిశోధన కేంద్రంలో ఆవిడను అందరూ పౌడరమ్మ అనేవారు. పద్దెనిమిదేళ్ళుగా ఆవిడ పని, ఎక్కడిదాకా ఎగురుతాయో కనిపెట్టడానికి దోమలకు రంగు అద్దడం. కాగితపు కప్పులో యాభై దోమలను వదిలి, పైన వల బిగించి, రబ్బరు బుడ్డితో మెరిసే పొడిని ఒక్కసారి ఊదేది. ఎక్కువైతే రెక్కలు బరువెక్కి చచ్చిపోతాయి, తక్కువైతే మర్నాటికే రాలిపోతుంది. ఆ పాళం ఆవిడ చేతికే తెలుసు. "నా పెళ్ళికి కూడా నాకింత శ్రద్ధగా పౌడరు రాయలేదమ్మా ఎవరూ" అని నవ్వించేది.

చెల్లెలు పోయాక ఆ నవ్వు పోయింది.

దోమకాటు జ్వరం, అయిదే రోజులు. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని, భయంతో ఏం మాట్లాడుతోందో తనకే తెలియక, ఆవిడ అన్నది: "నీళ్ళ డ్రమ్ములకి మూతలు పెట్టుకోమని నెత్తీనోరూ బాదుకున్నానా లేదా? చేజేతులా తెచ్చుకున్నావే!" చెల్లెలు గోడవైపు తిరిగి పడుకుంది. తెల్లవారేసరికి లేదు.

ఏడాది తిరక్కుండానే చెల్లెలు కాపురమున్న వీధిలో మళ్ళీ జ్వరాలు మొదలయ్యాయి. వీధి చివర మూతపడిన మిల్లు ఉంది. దాని నేలమాళిగలో మోకాలి లోతు తేటనీళ్ళు. అక్కడి దోమలు ఇళ్ళదాకా వస్తున్నాయేమో తేల్చమంది పరిశోధన కేంద్రం డాక్టరమ్మ. మిల్లులో పట్టిన దోమలకు గులాబీ రంగు అద్ది అక్కడే వదిలారు. మూడోనాడు పౌడరమ్మ ఇళ్ళల్లో పట్టి తెచ్చినవాటిలో రెండు, చీకటిగదిలో నీలిదీపం కింద గులాబీగా మెరిశాయి.

"నీ చీరకంటిన పొడి కాదు కదా?" అంది డాక్టరమ్మ.

"ఆ అనుమానం నాకూ ఉందండీ. మళ్ళీ చేద్దాం. ఈసారి పట్టేవాళ్ళు వేరే. నేను ఆ వీధిలో అడుగు పెట్టను."

రెండోసారి తొమ్మిది మెరిశాయి. అందులో ఒకటి చెల్లెలి మొగుడి ఇంట్లో పట్టినది.

ఆ సాయంత్రమే మరిది దగ్గరికి వెళ్ళింది. "దాన్ని ఏ దోమ కుట్టిందో ఎవరూ చెప్పలేరు. కానీ మిల్లు నుంచి మీ ఇంటిదాకా వస్తున్నాయి, అది ఖాయం. దాన్ని ఊరికే ఆడిపోసుకున్నాను."

అతను పెరట్లో డ్రమ్ములవైపు చూపించాడు. "మీరు చెప్పిన రోజునుంచీ డ్రమ్ములకి పాతచీరలు వేసి తాడు బిగించేది వదినా. నేను నీళ్ళకోసం విప్పి మళ్ళీ కట్టకపోతే అన్నం పెట్టేది కాదు."

"మరి ఆ మాట ఆసుపత్రిలో నాతో అనలేదేం?"

"నేను చెప్పబోతే వద్దంది. 'అక్క హడలిపోయింది, తిట్టనీ' అంది."

ఇన్నాళ్ళూ రాని ఏడుపు అక్కడ వచ్చింది. అతను మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టి వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాడు.

మునిసిపాలిటీకి నివేదిక అందాక మిల్లులో మోటార్లు పెట్టి నీళ్ళు తోడారు. నాలుగు రోజులు పట్టింది. ఆవిడ సెలవు పెట్టి, ఆ నాలుగు రోజులూ గేటు దగ్గరే నిలబడింది. ఆపైన ఆ వానాకాలమంతా వీధిలో ఇద్దరికే జ్వరం వచ్చింది. ఇద్దరూ కోలుకున్నారు.