నాగలి తగలని ఆకుకూర

మట్టి లేకుండా మొక్క బతుకుతుందని మా ఆయన చెప్పిన రోజు నేను నవ్వి ఊరుకోలేదు. ఎట్లా బతుకుతుందని అడిగాను. చిన్నప్పటి నుంచీ నాకున్న జబ్బే అది. థర్డ్ ఫారంతో నా చదువు మాన్పించారు గాని, ప్రశ్నలు మాన్పించడం ఎవరి వల్లా కాలేదు.

అప్పుడు మేము చిత్తూరులో కోర్టు వెనక వీధిలో ఒక మిద్దె పైభాగంలో బాడుగకు ఉండేవాళ్ళం. రెండు గదులు, ఒక వంటిల్లు, వీధివైపు పొడుగాటి వరండా. ఆయన హైస్కూల్లో సైన్సు అయ్యవారు. ఇంట్లో ఆయనా, నేనూ, మా అత్తా, ముగ్గురమే. యుద్ధం ముగిసి ఏడాదైంది గాని రేషను ముగియలేదు. స్కూలుకు వచ్చే ఇంగ్లీషు పత్రికలో ఆయన ఏదో చదువుకొని వచ్చారు. మన్నే లేని ఒక రాతి దీవిలో సిపాయిలు గులకరాళ్ళలో విత్తనాలు వేసి, నాలుగు రకాల ఉప్పులు కలిపిన నీళ్ళు పోసి కూరగాయలు పండించారట.

"మన వరండాలో గూడా పండించొచ్చు" అన్నారు.

మా అత్త వంటింట్లోంచే, "దేవుడు ఇంత మన్ను ఇచ్చినాడు గదరా, అది సాలలేదా నీకు?" అంది.

ఆయనకు ఉత్సాహం ఎక్కువ, ఓపిక తక్కువ. సామాన్లు పోగుచేయడం వరకూ ఆయన పని, ఆ తర్వాతదంతా నా పని. గులకరాళ్ళు నీవా ఏట్లో దొరికాయి. సురేకారం బాణసంచా చేసే ఒక ముసలాయన ఇచ్చాడు. అన్నభేది పచారి కొట్లోనే ఉంది. సూపర్ ఫాస్ఫేటు వ్యవసాయ డిపోలో తెచ్చారు. మిగిలింది విరేచనాలకు తాగే ఉప్పు. అన్ని పొట్లాలు ఒక్క మనిషి అడిగేసరికి మందుల షాపతను మా ఆయన్ని పాపం అన్నట్టు చూశాడట.

ఆరు కిరసనాయిలు డబ్బాల అడుగున బెజ్జాలు కొట్టి, కొబ్బరిపీచు కూరి, రాళ్ళు నింపి, ఇటుకల మీద వరసగా పెట్టాం. పైన పోసిన నీళ్ళు రాళ్ళను తడిపి కింది మూకుళ్ళలోకి కారతాయి. ఆరు మూకుళ్ళ నీళ్ళూ ఒకే బానలో పోసి, మళ్ళీ పోసేటప్పుడు ఆ బానలోంచే ముంచుకోవాలి. ఉప్పులు వృథా కాకూడదు గదా.

కార్తీకంలో వానలు వెనకబట్టాక మెంతులు, చిర్రాకు తోటకూర విత్తనాలు చల్లాను. నాలుగో రోజుకు రాళ్ళ సందుల్లోంచి పచ్చగా తలలు లేచాయి. నేను రోజుకు పదిసార్లు వెళ్ళి చూసేదాన్ని. ఒక మొక్కను పీకి వేరు చూశాను కూడా. మట్టిలో వేరు ముతగ్గా ఉంటుంది. ఇది తెల్లగా, ఉతికిన నూలుపోగులా ఉంది. దానికి కాళ్ళకింద నేల లేదన్న సంగతే తెలిసినట్టు లేదు.

తర్వాత నా తెలివి కొద్దీ ఒక పని చేశాను. ఉప్పులు మొక్కలకు తిండి అయితే, రెట్టింపు పెడితే రెట్టింపు బలం వస్తుంది గదా అని ఒక చెంచాకు రెండు చెంచాలు కలిపాను. బాలింతకు నెయ్యి వడ్డించినట్టు కొసరి కొసరి పోశాను. మూడు రోజుల్లో ఆకుల అంచులు మాడిపోయాయి. మా ఆయన వచ్చి చూసి, "వాటికి గూడా పథ్యం ఉంటాదే" అన్నారు. రాళ్ళన్నీ కడిగి మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాను.

ఆ చలికాలమంతా మాకు మెంతాకు దండిగా వచ్చింది. మేమిద్దరం తిన్నాం. మా అత్త మాత్రం ముట్టలేదు. దానికి "మందాకు" అని పేరు పెట్టింది. కింద ఇంటివాళ్ళు అడిగినా, "మా కోడలు రాళ్ళకు నీళ్ళు పోసి మందాకు పండిస్తాండాది" అని చెప్పేది. నాకు కోపం వచ్చేది, కాని ఆమె చెప్పే తీరుకు నవ్వు కూడా వచ్చేది.

శివరాత్రి పోయి ఎండలు ముదిరాయి. చలికాలంలో రోజుకు ఒకసారి పోస్తే చాలిన నీళ్ళు ఇప్పుడు మూడుసార్లు పోయాలి. రాళ్ళ మీద తెల్లగా ఉప్పు పొక్కులు కట్టేది. వీధిలో మామిడికాయల బండ్లు వరసగా పోతుంటే నేను పైన నిలబడి డబ్బాలకు గోనెపట్టా నీడ కట్టేదాన్ని. మధ్యాహ్నం ఒక్కసారి మరిచిపోయినా చిర్రాకు తల వాల్చేసేది.

చిక్కు అక్కడే వచ్చింది. ఆ రోజుల్లో ఆడవాళ్ళం నెలకు మూడు రోజులు ఇంట్లో ఏదీ ముట్టుకోకుండా విడిగా కూర్చోవాలి. రెండు గదుల ఇంట్లో విడిగా అంటే యాడుంది చోటు? ఆ వరండానే. చాప, చెంబు, కంచం, నేను, నా పక్కనే ఆరు డబ్బాలు. ఆ దినాల్లో ఆడది తాకితే పచ్చని మొక్క ఎండిపోతుందని అందరూ చెప్పేవాళ్ళు, నేనూ నమ్మేదాన్ని. పొద్దున, సాయంత్రం ఆయన పోసేవారు. మధ్యాహ్నం ఆయన స్కూల్లో ఉంటారు. మా అత్త ఆ నీళ్ళను ముట్టదు.

వైశాఖంలో ఒక మిట్టమధ్యాహ్నం నా కళ్ళెదురుగానే చిర్రాకు వాడిపోతూ ఉంది. చెయ్యి చాస్తే అందే దూరంలో బాన. మా అత్త లోపల కునుకు తీస్తోంది. ముట్టుకుంటే చస్తాయి, ముట్టుకోకపోయినా చస్తాయి. సరే, ఎట్లా చస్తాయో చూద్దామని చెంబుతో ముంచి పోశాను. గంటకు ఆకులు లేచి నిలబడ్డాయి. రేపు ఎండుతాయేమో అనుకున్నాను. ఎండలేదు. వారం చూశాను. నిగనిగలాడుతున్నాయి.

ఇంక నన్ను పట్టేవాళ్ళు లేరు. మూడు డబ్బాలకు సున్నంతో బొట్లు పెట్టాను. ఆ దినాల్లో బొట్టున్న వాటిని నేను తాకాలి, బొట్టు లేని వాటిని తాకకూడదు. తేడా చూడాలి. మా అత్త బొట్లు ఎందుకని అడిగితే అందానికి అన్నాను. మొదటి నెల బొట్టున్నవే బాగా పెరిగాయి. వాటికి మధ్యాహ్నం నీళ్ళు అదనంగా అందాయి కాబట్టి అది న్యాయం కాదనిపించింది. తర్వాతి నెలల్లో వాటికి ఒక పూట తగ్గించమని ఆయనకు చెప్పాను. ఎందుకని ఆయన అడగలేదు. స్కూల్లో పిల్లలకు ఎందుకు అని అడగడం నేర్పే మనిషి మరి!

వైశాఖం నుంచి శ్రావణం దాకా నాలుగు నెలలు చూశాను. ఆషాఢంలో జల్లులు పడి ఉప్పులు పలచబడితే ఆరు డబ్బాలూ ఒకేసారి పాలిపోయాయి. మళ్ళీ ఉప్పు కలిపితే ఆరూ ఒకేసారి తేరుకున్నాయి. నా చెయ్యి తగిలిందో లేదో వాటికి పట్టలేదు. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. లోపల మాత్రం పొంగిపోతున్నాను.

భాద్రపదం వచ్చింది. వినాయక చవితి మర్నాడు మా అత్తకు ఋషిపంచమి నోము. ఏడేళ్ళ నోములో అది ఆఖరి ఏడు, ఉద్యాపన కూడా ఆ రోజే. ముట్టు దినాల్లో తెలిసీ తెలియక తాకిన పాపం పోవడానికి చేసే నోము అది. ఆ పూట నాగలితో దున్నిన నేలలో పండింది ఏదీ తినకూడదు. ఏటా పూతలపట్టు దగ్గరి చుట్టాలు చెరువులో తనంతట మొలిచే నివ్వరి బియ్యం, ఏవో దుంపలు పంపేవాళ్ళు. ఆ ఏడు చెరువు నిండలేదు, ఏమీ రాలేదు.

చవితి పూజ అయ్యాక మా అత్త వరండాలోకి వచ్చి డబ్బాల ముందు నిలబడింది.

"ఏమే, దీనికి నాగలి తగల్లేదు గదా?"

"లేదత్తా."

"ఎద్దు తగల్లేదు. మన్నే తగల్లేదు. దీనికంటే మడి ఏముండాది? రేపు నా నోముకు ఈ చిర్రాకు ఉడకెయ్యి సాలు."

ఏడాదిగా మందాకు అన్న మనిషి! ఎగిరి గంతేయబోయాను. మరుక్షణం అసలు సంగతి గుర్తొచ్చింది. ఏ తప్పు పోవాలని ఆమె ఏడేళ్ళు నోము పట్టిందో, ఆ తప్పు చేసి పెంచిన ఆకు అది. బొట్టు లేని డబ్బాల్లోంచి కోసిస్తే సరిపోతుందని ఒక్క క్షణం ఆశపడ్డాను. కాని ఆరు డబ్బాల నీళ్ళూ కలిసేది ఒకే బానలో. ఆ దినాల్లో నేను చెంబు ముంచింది ఆ బానలోనే. నా తాకిడి లేని డబ్బా అంటూ ఒక్కటీ లేదు. ఇన్నాళ్ళూ ఆ మాటే తట్టలేదు నా గొప్ప బుర్రకు.

చెప్పకుండా వండి పెట్టొచ్చు. ఎవరికీ తెలియదు. కాని ఆమె ఎంత నిష్ఠగా తింటుందో నాకు తెలుసు. ఆ ముద్ద ఆమె నోట్లోకి పోతుంటే చూడలేననిపించింది. అంతా చెప్పేశాను. బొట్ల సంగతి, బాన సంగతి, నాలుగు నెలల సంగతి. తిడుతుందని తల వంచుకొని నిలబడ్డాను.

ఆమె తిట్టలేదు. "ఒక్కటి గూడా వాడలేదా?" అంది.

"లేదత్తా."

"సరిగ్గా సూసినావా?"

వంగి ఒక్కో డబ్బా దగ్గరా ఆకులు తిప్పి తిప్పి చూసింది. కాడలు నొక్కి చూసింది. తర్వాత గోడకు ఆనుకొని కూర్చుంది.

"పద్నాలుగేండ్లకు కాపరానికి వచ్చినా నేను. పెరట్లో కరేపాకు సెట్టు ఉండేది. బయట కూర్చున్న దినాల్లో మతిలేక ఒక రెబ్బ తుంచినా. ఆ యెండాకాలానికి సెట్టు మోడైపోయినాది. పచ్చని సెట్టును సంపిన సెయ్యి అని మా అత్త పోయేదాకా అంటానే ఉండింది. మళ్ళీ నన్ను ఒక్క మొక్క నాటనీలేదు."

నా జబ్బు ఊరుకోదు కదా. "ఆ యేడు వానలు పడినాయా అత్తా?" అని అడిగాను.

"యాడ పడినాయి? బావిలో సుక్క నీళ్ళు లేక బిందెలెత్తుకొని ఏటికి..."

అక్కడ ఆగిపోయింది. నా మొహంలోకి చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూడటం అదే మొదటిసారి. నా డబ్బాల్లో ఆకు ఎండుతుందా లేదా అన్నదొక్కటే నాకు ముఖ్యమైంది ఇన్నాళ్ళూ. నా అతి కుతూహలానికి సిగ్గేసింది.

ఉద్యాపనకు పిలిచిన పురోహితుడికి రావద్దని ఆమె ఆ సాయంత్రమే కబురు పంపింది. పంచమినాడు కొబ్బరినీళ్ళు తాగి రోజంతా వరండాలో కూర్చుంది. షష్ఠి పొద్దున చిర్రాకు కోసి వండమంది. బొట్టున్న డబ్బాలోంచా, లేని డబ్బాలోంచా అని అడిగాను. యాడ్నించయినా సరే అంది.

మధ్యాహ్నం తన పక్కనే కూర్చొని తింటున్న తల్లిని మా ఆయన అడిగారు. "ఉద్యాపన నిలిచిపాయె గదమ్మా, వచ్చే యేడు పెట్టుకుందామా?"

ఆమె కూర కలుపుకుంటూ తల ఎత్తకుండానే చెప్పింది.

"ఇంకెందుకురా. నేను దేన్నీ సంపలేదంట."