జాబితాలో లేని వాద్యం

పెన్నేటి ఇసుక దోసిట్లో పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: ఇందులో ప్రతి మాటా నిజం. నా కబుర్లు ఎరిగినవాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోండి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు నన్ను జమ్మలమడుగులో ప్రచార వ్యాన్ ఆపరేటరుగా వేశారు. జనరేటరు, ప్రొజెక్టరు, మైకు నా బాధ్యత. ఏ ఊళ్లోనైనా బొమ్మ వేసే ముందు పావుగంట సేపు స్థానిక కళాకారుడి చేత పాడించాలి. ఆ కళాకారులను ఎంపిక చేసేది పై అధికారుల సంఘం. దరఖాస్తు ఫారం నింపేది మాత్రం నేను.

అలా పరిచయమైనవాడు ప్రొద్దుటూరు దస్తగిరి. వాళ్లది దూదేకుల ఇల్లు. పరుపుల్లో గడ్డకట్టిన దూదిని విడదీయడానికి మనిషెత్తు విల్లు వాడతారు. దాని నరాన్ని చెక్క గూటంతో కొడితే ‘డుం’మని మోగి, దూది పొగలా లేస్తుంది. దస్తగిరి ఉయ్యాల ఆ మోత పక్కనే. పదేళ్లకల్లా గోలీసోడా సీసాను నరం మీద జార్చి, మోతను రాగంగా సాగదీయడం తనంతట తానే పట్టాడు. పరుపులు తెచ్చిన ముసలమ్మలు అక్కడే కూర్చుని, పోయినవాళ్లను తలచుకుని శోకం తీసేవారు. వాళ్ల గొంతు విరిగినచోట ఇతని సీసా జారేది. అతను చదివిన బడి అదే.

“మా నాయన దీన్ని కొడ్తాండాడు, నేను ఏడిపిస్తాండా. అంతే తేడా మామా,” అనేవాడు.

మిల్లు దూది వచ్చి ఏకే పని తగ్గింది. ఎంపికైతే వ్యాన్‌తో ఊరూరూ తిరగవచ్చు; కాకపోతే విల్లు పొయ్యిలోకేనని తండ్రి తేల్చేశాడు.

ఎంపిక పులివెందుల బంగళాలో. ‘వాద్యం’ అన్న గడిలో నేను నిజాయితీగా ‘దూదేకే విల్లు’ అని రాశాను. నా ఉద్యోగంలో అంత పెద్ద తప్పు మరొకటి చేయలేదు. సంఘం అధికారి తన వాద్యాల జాబితా తిరగేశాడు. వీణ ఉంది, వేణువు ఉంది, విల్లు లేదు.

“ఇది వాద్యం కాదయ్యా, పనిముట్టు.”

“ఒక్క తూరి ఇనండి సార్. ఇన్నాక పొమ్మంటే పోతా.”

“విన్నా రాయడానికి గడి లేదు. ఎలాగూ వచ్చావుగా, బంగళా పరుపు రాయిలా ఉంది, ఏకిపో.”

ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. విల్లును బస్సు టాపు మీద కట్టుకుని అంత దూరం వచ్చిన విద్వాంసుడికి చేసే మర్యాదా అది? సన్నాయి ఊదేవాణ్ని పొయ్యి ఊదమంటారా?

దస్తగిరి నావైపు చూశాడు. “ఏం మామా, ఏకమంటావా?” వసారాలో పరుపు విప్పాడు. గూటం దెబ్బకొక సీసా జారుడు. నేను కోపం పట్టలేక బయట ఆపిన వ్యాన్‌లోంచి మైకు తెచ్చి అతని ముందు పెట్టి స్విచ్చి నొక్కాను. పులివెందుల బజారంతా విన్నది. బండెడ్లు అడుగు వేయలేదు. అధికారి దూదిలో తుమ్ముతూ అరిచిన అరుపు ఎవరికీ వినపడలేదు.

ఆ రోజు నేర్చుకున్నది ఇది: ముందు జాబితా చూడాలి, తరువాతే వాద్యానికి పేరు పెట్టాలి. ‘ఏకతంత్రి వీణ’ అని రాసి ఉంటే సంఘం చెవులు రిక్కించేది. అటుపైన నేను నింపిన ఏ ఫారంలోనూ ఉన్నదున్నట్టు రాయలేదు.

ఇక కల్పించినది చెప్పాలి. మైకు మోగిన సంగతి అబద్ధం. స్విచ్చి బొటనవేలి కిందే ఉంది; నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు; నొక్కలేదు. అతను అడిగినదానికి జవాబూ చెప్పలేదు. దస్తగిరి వాయించిన మాట నిజమే. సంఘం వారు అప్పటికే లోపల భోజనానికి కూర్చున్నారు. విన్నది నేనొక్కణ్ణే.