శాసనసభలో జోగమ్మ కూతురి చదువు

భుయ్యాడీహ్‌లో సువర్ణరేఖ నది ఒడ్డున, మా తెలుగువాళ్ళ వరసలో మూడో ఇల్లు జోగమ్మది. ఎవరినడిగినా మాత్రం సూర్యం ఇల్లనే చెబుతారు. పొద్దున్నే ఇడ్లీ పిండి రుబ్బి, రెండు స్టీలు క్యాన్లలో అగ్రికోలోని కంపెనీ క్వార్టర్లకు మోసుకెళ్ళి అమ్మడం పాతికేళ్ళుగా ఆమె పని. ఆ పాతికేళ్ళూ ఆమె మొగుడు సూర్యం చేసిన పని అరుగు మీద కూర్చుని దేశం ఎటు పోతోందో చెప్పడం. కాంట్రాక్టరు దగ్గర కూలీల హాజరు వేసే ఉద్యోగం ఒకటి ఉండేది గానీ, దాన్ని ఆయన పెద్దగా పట్టించుకున్నట్టు లేదు.

వీళ్ళకు ఒక్కతే కూతురు, వెన్నెల. సైన్యంలో చేరతానన్నప్పుడు సూర్యం రెండు నెలలు ఆ పిల్లతో మాట్లాడలేదు. "ఆడపిల్లకి తుపాకీ ఏటే? రేపు దీన్నెవడు సేసుకుంటాడు?" అని వీధంతా వినేట్టు అరిచింది ఈ పెద్దమనిషే. ఇప్పుడా పిల్ల మేజరు. మొన్ననే నీలగిరుల్లో సైన్యం వాళ్ళ స్టాఫ్ కాలేజీలో పెద్ద చదువు ముగించింది. అక్కడ సీటు రావడమే గగనమట. ఆ కబురు తెలిసినప్పటి నుంచి సూర్యం మీసం మీంచి చెయ్యి తియ్యడం లేదు.

మా ఎమ్మెల్యే రాంచీలో, శాసనసభలో, వెన్నెలకు అభినందన తీర్మానం పెడతానన్నాడు. ఎన్నికల ముందు ఆయనకు తెలుగువాళ్ళు గుర్తుకు రావడం మామూలే. వివరాలు రాసిమ్మని మా తెలుగు సంఘం కార్యదర్శి బంగార్రాజుకు చెప్పాడు. మా సంఘానికో పద్ధతుంది. పెళ్ళికైనా, చావుకైనా, సన్మానానికైనా ఇంటి వివరాలు మగవాడే చెప్పాలి. ఆ మగవాడికి ఆరేళ్ళే ఉన్నా వాణ్ణే పిలుస్తారనుకుంటాను.

బంగార్రాజు డైరీ పట్టుకొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"పాప ఏటి సదివింది బావా?"

సూర్యానికి తెలిస్తే కదా! కూతురు ఫోను చేస్తే "బాగున్నావా, ఇదిగో మీ అమ్మ" అని వదిలించుకునే మనిషి. తెలియదంటే పరువు పోదూ! "కమాండో ట్రైనింగు. కళ్ళకి గంతలు కట్టుకొని తుపాకీ పేల్చెత్తాది" అన్నాడు. బంగార్రాజు కళ్ళింతలు చేసుకుని రాసుకున్నాడు.

టీ తెచ్చిన జోగమ్మ గుమ్మంలో ఆగింది. "అది గాదు బాబూ. పిల్ల వరదల మీద రాసింది. నాకు తెలుసు, నాను సెప్తాను" అంది.

"నీకేటి తెలుసు? లోపలికెల్లు" అన్నాడు సూర్యం. బంగార్రాజు పంచదార తక్కువైందన్నాడు.

నిజానికి తెలిసింది ఆమెకే. సువర్ణరేఖ మా ఇళ్ళలోకి వచ్చిన ఏడు, పడవవాళ్ళు ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అని అడిగితే, సూర్యం ఎవరూ లేరు పదమన్నాడు. వెనక గదిలో అద్దెకున్న చెవిటి ముసలమ్మ వరహాలు మంచం మీదే ఉంది. జోగమ్మ పడవ దిగి, మొలలోతు నీళ్ళలో వెళ్ళి ఆమెను మోసుకొచ్చింది. అప్పుడు వెన్నెల తొమ్మిదో తరగతి. స్టాఫ్ కాలేజీలో ఉన్నన్నాళ్ళూ ఆ పిల్ల ప్రతి ఆదివారం ఫోను చేసి తల్లిని ఆ సంగతులన్నీ గుచ్చి గుచ్చి అడిగింది. అక్కడి చదువుకు ఇవ్వాల్సిన పరిశోధన వ్యాసంలో అవే రాసింది. వరదలో జనాన్ని బయటికి తెచ్చే సైనికులు ముందుగా ఇంటి ఆడవాళ్ళను అడగాలని రాసింది. మొదటి పేజీలో తల్లి పేరు వేసింది. జోగమ్మకు చదవడం రాదు. "ఆడోళ్ళని ముందడగాలన్న ఆ మాట ఆ పెద్ద సభలో ఒక్కపాలి పైకి సదివితే సాలు, ఇంకేటీ వొద్దు నాకు" అని నాతో అంది. ఇన్నేళ్ళలో ఆమె ఏదైనా కావాలని అనగా నేను విన్నది అదొక్కసారే.

తీర్మానం పెట్టే రోజు మా పక్కపేట సీతారాండేరాలో, సంఘం హాల్లో, శాసనసభ ప్రత్యక్ష ప్రసారం చూడ్డానికి అందరం తెర ముందు కూర్చున్నాం. ఎమ్మెల్యే లేచి, సూర్యంగారి శిక్షణలో పెరిగిన వీరనారి, గంతలు కట్టుకుని కూడా గురి తప్పని కమాండో అని హిందీలో చదివాడు. సభ్యులు బల్లలు చరిచారు. ఇక్కడ బంగార్రాజు సూర్యానికి శాలువా కప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. జోగమ్మ మాత్రం ఇంకా చదువుతాడేమోనని తెర వంకే చూస్తోంది. అక్కడ ఎవరో రోడ్ల గుంటల గురించి ప్రశ్న మొదలుపెట్టారు.

"అయిపోనాదేటి?" అని నన్నడిగింది.

అంతలో వెన్నెల ఫోను. పొగడ్తలు అందరూ వినాలని సూర్యం స్పీకరు పెట్టాడు.

"నాన్నా, ఈ కమాండో క్యా హై? ఆఫీసులో అందరూ నవ్వుతున్నారు. కిస్ నే బతాయా, ఎవరు చెప్పారు?"

సూర్యం గబగబా వచ్చి ఫోను భార్య చేతిలో పెట్టాడు. స్పీకరు తియ్యడం మరిచిపోయాడు.

"అమ్మా, ఇంట్లో నువ్వున్నావు కదా. నిన్ను అడగలేదా?"

జోగమ్మ బంగార్రాజు వైపు చూసింది. శాలువాలో ఉన్న మొగుడి వైపు చూసింది.

"నన్ను టీ అడిగినారమ్మా" అంది.