నా ఎడమపక్క ఆడిన అమ్మాయి

మొన్న కీళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన నా కుడిచేతి ఉంగరం వేలు అటూ ఇటూ వంచి చూసి, "ఇది వయసుతో వచ్చిన వంకర కాదండీ, ఎప్పుడో దెబ్బ తగిలినట్టుంది" అన్నాడు. "టెన్నికాయిట్ ఆడుతుంటే తగిలింది నాయనా" అన్నాను. ఆ కుర్రాడు టెన్నిస్ అనుకున్నాడు కాబోలు, నావంక కాస్త గౌరవంగా చూశాడు. నేను సరిదిద్దలేదు. ఈ వయసులో అడక్కుండా వచ్చిన గౌరవాన్ని కాదనడం దేనికి? ఆటోలో ఇంటికి వస్తూ ఆలోచిస్తే, ఆ ఆట పేరు నా నోట పలికి ఎంత కాలమైందో గుర్తు రాలేదు. ఆట గురించి చెప్పాలంటే ఒక మనిషి గురించి చెప్పాలి. ఆ మనిషి పేరెత్తితే "ఆఁ, ఆ అమ్మాయా!" అనేవాళ్ళు ఇప్పుడు నా చుట్టుపక్కల ఒక్కరూ లేరు.

మా ఊరు చిలకలూరిపేటకు అవతల, నల్లరేగడి నేలల్లో ఉంది. వానాకాలం ఆ బురద కాళ్ళని పట్టుకుని వదిలేది కాదు. ఎండాకాలం అదే నేల నెర్రెలు విచ్చేది, అందులోకి బలపం జారిందంటే ఇక దాని మీద ఆశ వదులుకోవడమే. మాఘమాసం వచ్చేసరికి కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసేవారు, గాలి అటునుంచి తిరిగితే ఊరు ఊరంతా తుమ్మేది. బడిలో ప్రార్థన కూడా తుమ్ముకూ తుమ్ముకూ మధ్యనే పాడేవాళ్ళం. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, నేను ఫస్టు ఫారం చదువుతుండగా, మా బడికి ఒక పంతులమ్మగారు బదిలీ అయి వచ్చారు. భర్త పోయాడు, ఒక్కతే కూతురు. చర్చి పక్కనున్న పెంకుటింట్లో దిగారు. ఆ కూతురు సన్నగా, పొడుగ్గా, మోకాళ్ళ మీద ఎప్పుడూ ఏదో ఒక గాయంతో ఉండేది. మొదటిరోజే నా పక్కన కూర్చుని, "ఏమే, మీ ఊళ్ళో అందరికీ జలుబా?" అని అడిగింది. కాదని రుజువు చెయ్యడానికి మా మిరపకళ్ళానికి తీసుకెళ్ళాను. వెళ్ళిన దగ్గర్నుంచి వచ్చేదాకా తుమ్ముతూనే ఉంది, నవ్వుతూనే ఉంది. మర్నాటినుంచి మా ఇద్దరిలో ఒకరు లేకుండా ఒకరు కనపడితే జనం ఆపి అడిగేవారు, రెండోది ఏదీ అని.

మా ఇంట్లో తనకు వసారా వరకే ప్రవేశం. నాయనమ్మ తనను పల్లెత్తు మాట అనేది కాదు, "పంతులమ్మగారి బిడ్డ ఎంత చురుకో" అని మెచ్చుకునేది కూడా. కానీ మంచినీళ్ళు అడిగితే చెంబు ఎత్తి దోసిట్లో పోసేది. తను వంగి తాగేసి, మూతి తుడుచుకుని, మళ్ళీ ఆటకు లేచేది. నేనేమో వాళ్ళింట్లో వాళ్ళ కంచంలోనే అన్నం తినేదాన్ని. పంతులమ్మగారు వడ్డిస్తూ, "మీ నాయనమ్మకు తెలిస్తే నన్ను మళ్ళీ బదిలీ చేయిస్తుందే తల్లీ" అని నవ్వేవారు. మేమూ నవ్వేవాళ్ళం. ఆ నవ్వులో భయం కూడా కలిసి ఉంటుందని మా ఈడు పిల్లలకు ఎలా తెలుస్తుంది?

ఇలా ఉండగా డ్రిల్లు మాస్టారు గుంటూరు నుంచి ఒక ఎర్ర రబ్బరు రింగు తెచ్చి, ఆడపిల్లలకు కొత్త ఆట నేర్పుతానన్నారు. నెట్టు లేకపోతే వాడరేవులో ఎవరినో అడిగి చిరిగిన చేపల వల తెచ్చి రెండు గుంజలకు కట్టారు. ఎండెక్కితే దాని వాసనకు ఊళ్ళో పిల్లులన్నీ వచ్చి చుట్టూ కూర్చునేవి, మా మొదటి ప్రేక్షకులు అవే. ఆట తేలికే. వల మీదుగా వచ్చిన రింగును ఒంటిచేత్తో పట్టుకోవాలి, పట్టుకున్న చేత్తోనే ఆలస్యం చెయ్యకుండా తిరిగి విసరాలి. కింద పడితే పాయింటు అవతలివాళ్ళది. మేమిద్దరం జోడీగా ఆడేవాళ్ళం. నేను కుడిపక్క, తను ఎడమపక్క. మధ్యలో వచ్చేవన్నీ తన కుడిచేతికి అందేవి, కాబట్టి అవి తనవి. వల కింద చటుక్కున రాలేవి నావి, ఎందుకంటే ముందుకు ఉరికితే తన మోకాళ్ళు మళ్ళీ పగులుతాయని తనకు భయం. ఈ పంపకం మేము కూర్చుని మాట్లాడుకున్నది కాదు. అలా కుదిరిపోయింది. సాయంత్రాలు బడి రింగు బీరువాలోకి వెళ్ళిపోతే, నాయనమ్మ కుండల కింద పెట్టుకునే చుట్టకుదుర్లు ఎత్తుకొచ్చి వాటితో ఆడేవాళ్ళం. "కుండ దొర్లితే మీ ఇద్దరినీ దాని కింద పెడతా" అని నాయనమ్మ అరిచేది. థర్డు ఫారం పూర్తయ్యేసరికి చుట్టుపక్కల బళ్ళలో మా జోడీని ఓడించిన వాళ్ళు లేరు.

పైచదువుకు గుంటూరు వెళ్ళాలి. మా నాన్న నన్ను మేనత్త ఇంట్లో పెట్టి, దగ్గర్లోని ఆడపిల్లల హైస్కూల్లో చేర్చాడు. తనకు ఊరికి ఆ చివరనున్న మిషన్ హైస్కూలు హాస్టల్లో ఉచితంగా సీటు వచ్చింది. "ఒకే ఊరు కదే, ఎంత దూరం!" అంది తను. మొదటి నెలలోనే ఒక ఆదివారం నన్ను చూడ్డానికి వచ్చింది. అత్తయ్య ఉయ్యాలబల్ల మీదనుంచే, "ఏ ఊరమ్మాయ్ మీది? మీరేవిట్లు?" అని అడిగింది. "కిరస్తానీలమండీ" అంది తను, అత్తయ్య కళ్ళలోకి చూస్తూ. అత్తయ్య పనిమనిషిని కేకేసి, దొడ్లో విడిగా ఉండే గ్లాసుతో నీళ్ళు తెమ్మంది. "దాహంగా లేదండీ" అని తను లేచింది. వీధి మలుపుదాకా వెంట వెళ్ళాను. ఎండ మండిపోతోంది. పెదవులు తడుపుకుంటూ, కొత్త బళ్ళో పాఠాల గురించి ఏదో మాట్లాడింది. ఆ ఇంటికి మళ్ళీ రాలేదు.

నేనే హాస్టలుకు వెళ్ళేదాన్ని. వరండాలో బల్ల మీద పక్కపక్కన కూర్చునేవాళ్ళం. తన కొత్త స్నేహితురాళ్ళు అటూ ఇటూ పోతూ ఇంగ్లీషులో ఏవో చమత్కారాలు విసిరేవారు. తను వెంటనే నవ్వేది, నేను కాస్త ఆగి నవ్వేదాన్ని. ఊరి కబుర్లు అయిపోయాక మాటలు వెతుక్కోవలసి వచ్చేది. ఒకసారి తను, "ప్రతివారం ఎండనపడి రాకే, శ్రమ కదా" అంది. ప్రేమతోనే అన్నదేమో. రిక్షా లేక నడిచి వెళ్ళిన ఆ సాయంత్రం నాకది మరోలా వినిపించింది. తర్వాతి వారం వెళ్ళలేదు, ఆ పై వారమూ వెళ్ళలేదు. ఎందుకు రాలేదని కబురూ రాలేదు. ఆదివారాలు అత్తయ్యవాళ్ళ డాబా మీద ఒంటరిగా తిరుగుతూ, ఊరి ఆ చివర కనపడే చెట్ల గుబురును చూస్తూ ఉండేదాన్ని.

ఆ ఏడాది చివర్లో బళ్ళ మధ్య పోటీలు పెట్టారు. ఇద్దరం ఎవరి బడి తరఫున వాళ్ళం, ఒంటరి ఆటకు. ఫైనల్లో ఎదురుపడ్డాం. చెయ్యి కలిపాం. ఆట మొదలైన కాసేపటికే నాకు సంగతి అర్థమైంది. తను విసిరే ప్రతి రింగూ నా ఎడమకే వస్తోంది. అటువైపు రింగును అందుకోవడం నాకు రాదు, నేర్చుకోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. అక్కడ ఎప్పుడూ తనే నిలబడేది మరి. ఆ సంగతి లోకంలో తెలిసిన ఒకే ఒక్క మనిషి వల అవతల ఉంది. చిత్తుగా ఓడిపోయాను. మరుసటి ఏడు నా వంతు. రింగుల్ని వల కింద రాల్చడం మొదలుపెట్టాను. తను ఉరికింది, పడింది, లేచింది, మోకాలు పగిలింది, ఓడింది. మా బడి పిల్లలు నన్ను ఎత్తి తిప్పారు. "నీ శత్రువు ఏడుస్తోందే" అని ఎవరో చెవిలో చెప్పారు. శత్రువు అన్న మాట మా ఇద్దరికీ పెట్టడం అదే మొదలు. ఆ తర్వాత రెండు బళ్ళవాళ్ళూ మమ్మల్ని ఆ మాటతోనే పిలిచేవారు, మేమూ దానికి అలవాటు పడ్డాం.

సిక్స్తు ఫారంలో ఆఖరిసారి ఆడాం. గెలిచిన పిల్ల జిల్లా జట్టుకు వెళుతుంది. నేను జట్టులోకి వెళితే కాలేజీకి పంపేలా నాన్నను ఒప్పిస్తానని బాబాయి మాటిచ్చాడు, లేకపోతే వేసవిలో పెళ్ళి. తనకు వ్యాయామ శిక్షణలో సీటు రావాలంటే ఆ జట్టే దారి, పంతులమ్మగారికి అప్పటికే ఒంట్లో బాగుండటం లేదని వినికిడి. ఆట సగంలో రింగు వడిగా వచ్చి నా ఉంగరం వేలికి కొట్టుకుంది. కళ్ళు బైర్లు కమ్మాయి. తను వల దాకా పరుగెత్తుకొచ్చింది.

"ఏదీ, చూపించు. ఆడగలవా?"

"ఆడతాను."

"ఎందుకే మొండితనం? వేలు వాచిపోతోంది."

"నువ్వు వెయ్యవే."

చాలాకాలానికి మేము మాట్లాడుకున్నవి ఆ నాలుగు ముక్కలే. వెనక్కి వెళ్ళి తను రింగు విసిరింది, మళ్ళీ నా ఎడమకే. జాలి చూపలేదు. ఆ ఒక్క విషయంలో తను అప్పటికీ నా మనిషే అనిపించింది. చివరిదాకా ఆడాను, ఓడాను. హాస్టలు పిల్లలు తనను చుట్టుముట్టి తీసుకుపోయారు. గేటు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగింది. నేను చెయ్యెత్తాను, వాచిన వేలితోనే. చూసిందో లేదో, మధ్యలో జనం అడ్డం.

వేసవిలో నా పెళ్ళయింది. పొన్నూరు దగ్గర మాగాణి ఊరు, మంచి మనుషులే. కానీ మధ్యాహ్నాలు ఇల్లంతా నిద్రపోయాక నాకు పొద్దు కదిలేది కాదు. పెరట్లో అత్తగారి చుట్టకుదురు తీసుకుని గోడకేసి విసిరి, ఎడమచేత్తో పట్టుకోవడం నేర్చుకున్నాను. ఒకరోజు అత్తగారు నిద్రలేచి చూసి, లోపలికి వెళ్ళిపోయారు. మా పుట్టింటివాళ్ళు ఏదో దాచి పిల్లనిచ్చారని అనుకుని ఉంటారు.

కొన్నేళ్ళకు మా పాప చంకలో ఉండగా, పొన్నూరు హైస్కూల్లో ఆడపిల్లల పోటీలని తెలిసి వెళ్ళాను. మైదానంలో తెల్లచీర, మెళ్ళో విజిలు, చుట్టూ పిల్లలు. పొడుగ్గా, అలాగే ఉంది. చూడగానే గొంతులోకి "ఏమే" అన్న పిలుపు వచ్చేసింది. అంతలో తనూ నన్ను చూసింది. పిల్లల్ని పక్కకు జరిపి నాలుగడుగులు ముందుకొచ్చి, చేతులు జోడించి, "మీరా! బాగున్నారా అండీ?" అంది. పిల్లలందరూ మావంకే చూస్తున్నారు.

"బాగున్నానండీ. అమ్మగారు?"

"పోయారండీ. రెండేళ్ళవుతోంది."

పాప బుగ్గ తాకింది. ఇంకేదో అనబోయింది. అటునుంచి ఎవరో "టీచర్!" అని కేకేశారు. "వస్తానండీ" అని వెళ్ళిపోయింది. నేను ఆట చూడకుండానే బస్సెక్కాను. తర్వాత ఎక్కడ పనిచేసిందో, ఉందో లేదో నాకు తెలియదు. చిన్నప్పుడు మేమిద్దరం ఎప్పుడెప్పుడు పెద్దవాళ్ళమవుతామా అని తెగ తొందరపడేవాళ్ళం. కాలం మా కోరిక తీర్చింది. ఒకరినొకరు 'మీరు' అనుకునేంత పెద్దవాళ్ళని చేసింది.