ఈకల టోబియాస్

పక్షి ఈకలు పీకడంలో టోబియాస్ గిల్లార్డ్‌ను మించినవాడు మా రేవులో లేడు. న్యూఫౌండ్‌లాండ్ తీరానికి దూరంగా, నడిసముద్రంలో ఉన్న ఫంక్ దీవికి మా షావుకారు పరుపుల్లో కూరే ఈకల కోసం ప్రతి వేసవీ మనుషులను పంపేవాడు. పెద్దబాతంత పక్షులు అక్కడికి గుడ్లు పెట్టడానికి వచ్చేవి. మావాళ్లు వాటిని పెంగ్విన్లనేవారు; దక్షిణ ధ్రువపు పెంగ్విన్లు వేరు. ఎగరలేవు. వాటిని రాళ్ల దొడ్లోకి గొర్రెల్లా తోలి, కర్రలతో కొట్టి, మరిగే నీళ్లలో ముంచి ఈకలు ఒలిచేవారు. ఆ దీవిలో ఎండుపుల్ల కూడా దొరకదు. అందుకని కొవ్వెక్కిన పక్షులనే పొయ్యిలో పెట్టేవారు, బతికుండగానే.

"చంపి పెట్టొచ్చు గదన్నా," అన్నాడు కొత్తగా పనిలో చేరిన ఆంబ్రోస్ కీఫ్.

"ఆగు, పాదిరిని పిలిపించి ప్రార్థన కూడా చేయిద్దాం," అన్నాడు టోబియాస్. అందరూ పగలబడి నవ్వారు.

ఏళ్లు గడిచేకొద్దీ దొడ్డి నిండడం మానేసింది. చలికాలానికి ఉప్పేసి దాచుకునే మాంసం ఆ పక్షిదే, చేపలకు ఎరా అదే. మా ఇళ్లలో ఆకలి మొదలైంది. జనం మొరపెట్టుకుంటే సర్కారు దీవిలో వేటనూ, గుడ్లు ఏరడాన్నీ నిషేధించింది.

ఆ వసంతంలో టోబియాస్ కూతురు జ్వరపడి లేచింది. ఇంట్లో గట్టిరొట్టె తప్ప ఏమీ లేదు. ఆంబ్రోస్‌ను వెంటబెట్టుకుని దీవికి పోయి, బుట్టెడు గుడ్లు తెచ్చాడు. ఒడ్డున కాపు కాసినవాళ్లను చూసి ఆంబ్రోస్ పరుగెత్తి తప్పించుకున్నాడు. టోబియాస్ దొరికిపోయాడు. తీర్పు చెప్పే కుర్చీలో ఆ షావుకారే కూర్చుని ఉన్నాడు.

"దొరా, నేను పీకిన ఈకలు తమరే కొన్నారు గదా?"

"అది వ్యాపారంరా. ఇది దొంగతనం."

నడివీధిలో స్తంభానికి కట్టి కొరడాతో కొట్టారు. వీపులోకి దిగిన చొక్కా పీలికలను అతని భార్య డోర్కస్ ఒక్కొక్కటే లాగింది. గుడ్లు ఎవరి ఇంటికి పోయాయో ఎవరూ అడగలేదు.

మరుసటి వేసవిలో షావుకారు గుట్టుగా మళ్లీ దీవికి పడవ పంపించాడు. టోబియాస్ కాదనలేదు. దీవి మీద మూడో నాలుగో పక్షులు నిలబడి ఉన్నాయి, అంతే.

"వీటినైనా వదిలేద్దాం, అన్నా," అన్నాడు ఆంబ్రోస్. "వీటి ఈకలు దిండుకైనా చాలవు."

"నా వీపు చూశావా? వీటి కోసమేరా నన్ను కొట్టింది!"

కర్ర తీసుకుని అన్నిటినీ కొట్టి చంపాడు. ఈకలు పీకలేదు. గుడ్డొకటి కనిపిస్తే బూటుతో తొక్కాడు. మళ్లీ ఏ వేసవిలోనూ ఆ దీవి మీద పెంగ్విన్ కనబడలేదు.

ఇంటికొచ్చాక సంగతంతా తెలిసి డోర్కస్ అడిగింది: "తినడానికీ కాక, అమ్మడానికీ కాక, ఎందుకయ్యా చంపావు?"

టోబియాస్ బూటు మీద ఎండిన గుడ్డు సొనను గీకాడు.

"అవి పారిపోలేదే," అన్నాడు. "నేను దగ్గరికెళ్తే, నేనూ వాటిలో ఒకణ్ణన్నట్టు పక్కకు జరిగి చోటిచ్చాయి."